ఎవరికీ ఋణపడకుండా బతుకుతున్న తమ్ముడికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2021 మే నెలలో నాన్నగారు కోవిడ్‌తో పోయారు. తర్వాత మీరే చెల్లెలి పెళ్ళి చేశారు, అమ్మని చూసుకుంటున్నారు, ఇంటి లోన్ కడుతున్నారు. నిరుడు కుదిరిన సంబంధం నిశ్చితార్థం అయ్యాక తప్పిపోయింది. "అప్పటి నుంచి ఎవరు దగ్గరికి వచ్చినా లోపల తలుపు మూసుకుంటోంది. అందరికీ సాయం చేస్తాను, అందరూ మంచివాడనే అంటారు. కానీ ఎవరితోనూ మనసు విప్పలేకపోతున్నాను. మళ్ళీ దెబ్బ తగిలితే తట్టుకోలేను. అలాగని ఇలా రాయిలా బతకాలనీ లేదు. ఏం చెయ్యాలి?" అని అడిగారు.

నేను సైకాలజీ చదవలేదు. నర్సుని. హైదరాబాద్‌లో క్యాన్సర్ రోగుల మధ్య ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం పాలియేటివ్ కేర్ వార్డులో ఉన్నాను. ఇక నయం కాదని తేలినవాళ్ళకి నొప్పి తగ్గించి, మిగిలిన రోజులు తేలిగ్గా గడిచేలా చూడటం అక్కడి పని. మీలాంటి మనుషుల్ని ఆ వార్డులో చాలామందిని చూశాను. కొన్నేళ్ళు నేనూ అలాగే ఉన్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

"మనసు విప్పి మాట్లాడు, ఏడుపొస్తే ఏడువు" అని మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. అది తప్పు సలహా కాదు. కానీ మీకు మొదటి మెట్టు అది కాదనిపిస్తోంది. మీరు రాసినదాంట్లో రెండు చిన్న విషయాల దగ్గర నేను ఆగిపోయాను. జనవరిలో జ్వరం వచ్చి పడుకుంటే ఆఫీసు స్నేహితుడు అన్నం తెస్తానన్నాడు, మీరు వద్దని బయట నుంచి తెప్పించుకున్నారు. పక్క ఫ్లాట్ ఆవిడ గిన్నెలో గోంగూర పప్పు పంపితే, అదే సాయంత్రం అందులో స్వీట్లు పెట్టి తిరిగి ఇచ్చేశారు. ఎవరినీ ఇబ్బంది పెట్టనని చెప్పడానికి ఈ రెండూ రాశారు. మీరు చెబుతున్న ఆ మూసుకున్న తలుపు నాకు అక్కడే కనిపించింది. మీకు మాట్లాడటం చేతకాక కాదు. తీసుకోవడం చేతకావడం లేదు.

ఇచ్చేటప్పుడు మనకి భయం ఉండదు. ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి, అంతా మన ఇష్టం. తీసుకునేటప్పుడు అలా కాదు. వస్తానన్న మనిషి రాకపోవచ్చు. చేసిన సాయం నలుగురిలో ఎత్తి చూపవచ్చు. అన్నిటికన్నా ముందు, మనకొక అవసరం ఉందని అవతలి మనిషికి తెలిసిపోతుంది. అందుకే దెబ్బతిన్నవాళ్ళు ఇవ్వడం మానరు, తీసుకోవడం మానేస్తారు. సాయం చేస్తూనే ఉంటారు కాబట్టి వాళ్ళు మూసుకుపోయారని చుట్టూ ఉన్నవాళ్ళకి చాలాకాలం తెలియదు.

మన భాషలో ప్రేమకీ ఆత్మగౌరవానికీ ఒకటే మాట ఉంది, అభిమానం. "నువ్వంటే అభిమానం" అంటాం, "అభిమానం చంపుకుని అడిగాను" అనీ అంటాం. ఒకరి ముందు చెయ్యి చాచలేదనడం మన ఇళ్ళల్లో మగవాళ్ళకి ఇచ్చే పెద్ద కితాబు. మీ నాన్నగారి గురించి మీరూ అదే రాశారు. లేమి చూసిన ఇళ్ళల్లో ఆ మాట విలువేమిటో నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ అదే భాషలో బంధానికి ఇంకో పేరు ఋణానుబంధం. ముక్కూ మొహం తెలియని మనిషి కష్టంలో ఆదుకుంటే "ఏ జన్మ ఋణమో" అంటాం. మనిషి పోతే "ఋణం తీరిపోయింది" అంటాం. అంటే ఋణం ఉన్నంతకాలమే బంధం అని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు.

మాది ఖమ్మం వైపు పల్లె. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో చదివింపుల పుస్తకాలు ఉండేవి. ఏ పెళ్ళికి ఎవరు ఐదు రూపాయలు చదివించారో, ఎవరు రవిక గుడ్డ పెట్టారో అన్నీ రాసి ఉండేవి. వాళ్ళింట్లో పెళ్ళి వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూసి, కొంచెం ఎక్కువే చదివించేది. సరిగ్గా అంతే ఇస్తే లెక్క తెంచుకున్నట్టు ఉంటుందనేది. నాట్లప్పుడు ఇవాళ వాళ్ళ పొలానికి వీళ్ళు బదులు వెళ్తే, ఎల్లుండి వీళ్ళ పొలానికి వాళ్ళు వచ్చేవారు. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, అది మీ అమ్మగారూ చెప్పే ఉంటారు. మా అమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పేది: ఆ రోజే ఇచ్చెయ్యకూడదు. వాళ్ళ గిన్నె మన వంటింట్లో నాలుగు రోజులు ఉండాలి. ఏం వండి పంపాలా అని ఆ నాలుగు రోజులూ మనం వాళ్ళని తలుచుకుంటాం. మీరు అదే సాయంత్రం స్వీట్లతో ఇచ్చేసినప్పుడు ఆవిడ నొచ్చుకుని ఉంటుందని అనను. కానీ మళ్ళీ పంపాలంటే ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

వార్డులో చూసినదొకటి చెబుతాను. అరవై దాటిన మనిషి, నోటి క్యాన్సర్. చిన్నప్పుడే తండ్రి పోతే ముగ్గురు చెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు చేశాడు, ఇద్దరు పిల్లల్ని చదివించాడు. మాట పోయింది. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ఆహారం. కొడుకు రోజంతా మంచం పక్కనే కూర్చునేవాడు. కానీ జావ పొయ్యాల్సి వచ్చినా, ఒళ్ళు తుడవాల్సి వచ్చినా ఆయన కొడుకుని చేత్తో ఆపి నాకు సైగ చేసేవాడు. మార్ఫిన్ మోతాదు సరిచేశాం, నొప్పి తగ్గిందని ఆయనే రాసి చూపించేవాడు. అయినా రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఒకరోజు డ్యూటీలో మనుషులు తక్కువున్నారు. "నాకు ఇంకా ఆరుగురు ఉన్నారు, ఈ పూట మీ అబ్బాయి పోస్తాడు" అని సిరంజి కొడుకు చేతిలో పెట్టాను. ఆ అబ్బాయి చేతులు వణికాయి, కొంచెం ఒలికింది. తండ్రి కళ్ళు మూసుకున్నాడు. సగం అయ్యాక చూస్తే, ఆయన చెయ్యి కొడుకు మణికట్టు మీద ఉంది. అంతటితో అన్నీ మారిపోయాయని చెప్పను. నాలుగైదు రోజులు పట్టింది. తర్వాత మమ్మల్ని పిలవడం మానేశాడు, అన్నీ కొడుకే. నిద్ర కూడా మెల్లగా పట్టింది. ఆయన పోయిన కొన్ని వారాలకి ఆ అబ్బాయి వార్డుకి వచ్చాడు. "నాకు ముప్పై ఏళ్ళు సిస్టర్. మా నాన్న నన్ను తనకి ఏదైనా చెయ్యనిచ్చింది ఆ పదిహేను రోజులే" అన్నాడు.

ఇప్పుడు మీ ఇంట్లో మీ అమ్మగారు, చెల్లెలు ఆ కొడుకు కూర్చున్న స్టూలు మీద ఉన్నారు. మీరు వాళ్ళకి ఏ లోటూ రానివ్వడం లేదు, నిజమే. కానీ వాళ్ళ దగ్గర మీకోసం ఉన్నదంతా వాళ్ళ చేతుల్లోనే ఉండిపోతోంది.

మా వృత్తికి దారి వేసిన సిసిలీ సాండర్స్ గారి కథ ఇక్కడ చెప్పాలి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కానివాళ్ళని చివరిదాకా చూసుకునే చోటు) మొదలుపెట్టిన మనిషి. నర్సుగా మొదలై, నడుం నొప్పి వల్ల ఆ పని వదిలి, ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అయ్యి, చివరికి డాక్టర్ చదివారు. రోగి నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుదీ, కుటుంబానిదీ, నమ్మకాలదీ అన్నీ కలిసి ఉంటుందని చెప్పింది ఆవిడే. 1948లో ఆవిడ ఇంకా సోషల్ వర్కర్‌గా ఉన్నప్పుడు, పోలండ్‌లోని వార్సా నుంచి వలస వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదు మనిషి క్యాన్సర్‌తో చనిపోతున్నాడు. లండన్‌లో అతనికి నా అన్నవాళ్ళు లేరు. ఇలాంటివాళ్ళ కోసం ఒక చోటు ఉంటే ఎలా ఉంటుందో ఇద్దరూ మాట్లాడుకునేవారు. పోతూ పోతూ అతను తన దగ్గరున్న 500 పౌండ్లు ఆవిడకి రాసిచ్చాడు. "మీ ఇంట్లో నేనొక కిటికీనవుతాను" అన్నాడు. ఆవిడ ఆ డబ్బు తీసుకున్నారు. ఆ కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఆవిడ ఇచ్చిన దాని గురించే మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది ఆవిడ తీసుకోవడం. చనిపోతున్న పేదవాడి దగ్గర డబ్బేమిటని వెనక్కి ఇచ్చి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గొప్పగానే చెప్పుకునేవారు. కానీ తను కూడా ఇవ్వగలడన్న తృప్తి అతనికి దక్కేది కాదు.

ఇక నా సంగతి. పదకొండేళ్ళ పాప, రక్త క్యాన్సర్. ఎనిమిది నెలలు మా దగ్గర ఉంది. నా చెయ్యి పట్టుకునే పోయింది. గుండె రాయి చేసుకోకపోతే ఈ ఉద్యోగం చెయ్యలేవని అప్పుడు పెద్దవాళ్ళు చెప్పారు. చేసుకున్నాను. నా పనిలో ఎవరూ తప్పు పట్టలేదు. వేళకి మందులు, శుభ్రమైన డ్రెస్సింగులు, మర్యాదగా మాటలు. ఆ రోజుల్లోనే మా అబ్బాయి పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చానని ఫోన్ చేస్తే "సరే నాన్నా" అని పెట్టేశాను. వాడి గొంతులో ఆ సంతోషం నాకు వినిపించనే లేదు. తర్వాత ఎప్పుడో వాడే గుర్తుచేశాడు.

అలా రెండేళ్ళు గడిచాక మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక ముసలమ్మ కూతురికి తోడుగా వచ్చింది. మధ్యాహ్నం వరండాలో కూర్చుని జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తింటూ నన్ను పిలిచింది. వద్దన్నాను, ఇప్పుడే తిన్నానన్నాను. అబద్ధం. "గింతమందికి చేస్తవు, నా చేతి రొట్టె తింటె ఏమైతది బిడ్డా?" అంది. కూర్చున్నాను. రెండో ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఏడుపు వచ్చేసింది. ఆ పాప పోయాక మొదటిసారి. ఆవిడ ఎందుకని అడగలేదు, ఊరుకోమనలేదు. ఇంకో ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. మాట్లాడించబోతే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. తినిపించింది కాబట్టి కూర్చున్నాను. మీకు మాటలకన్నా ముందు తీసుకోవడం గురించి చెబుతున్నది అందుకే.

సరే, ఎవరి దగ్గర తీసుకోవాలి? "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మనసు తెరవడమంటే కనిపించిన ప్రతివాళ్ళ ముందూ బతుకంతా పరచడం కాదు. నా గుర్తులు చెబుతాను. ఎవరైనా ఇంకొకరి కష్టాన్ని మీ దగ్గర కథలా చెప్పారంటే, రేపు మీదీ ఇంకొకరి దగ్గర చెబుతారు. మీరు చెప్పినదాన్ని నలుగురిలో జోక్ చేసిన మనిషి దగ్గర అక్కడితో ఆపెయ్యండి. చెప్పగానే సలహాలు మొదలుపెట్టే మనిషిని మాత్రం వెంటనే కొట్టిపారెయ్యకండి. మన దగ్గర చాలామందికి ప్రేమ చూపించడానికి ఆ ఒక్క దారే తెలుసు. "సలహా వద్దులే, ఊరికే విను" అంటే కొందరు నిజంగానే వింటారు.

మొదట అడిగేది చిన్నదిగా ఉండాలి, కాదన్నా మీరు కుంగిపోనంత చిన్నది. "శనివారం బ్లడ్ టెస్ట్ ఉంది, నాతో వస్తావా?" "ఇవాళ మనసు బాగోలేదు, ఇంటికి వెళ్ళేదాకా ఫోన్లో మాట్లాడుతూ ఉంటావా?" ఇంతే. అడిగితే లోకువైపోతామని మనకి భయం. జరిగేది చాలాసార్లు దానికి వ్యతిరేకంగా ఉంటుంది. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెన్సిల్వేనియా శాసనసభలో గుమస్తాగా ఉన్నప్పుడు తనని వ్యతిరేకించే ఒక సభ్యుణ్ణి ఎలా మంచి చేసుకున్నాడో తనే రాసుకున్నాడు. అతని దగ్గరున్న అరుదైన పుస్తకం చదివి ఇస్తానని అడిగి తెచ్చుకున్నాడు. అతను అప్పటి నుంచి స్నేహితుడయ్యాడు. మనకి సాయం చేసిన మనిషికి మన మీద ఇష్టం పెరుగుతుందని తర్వాత 1969లో ఇద్దరు పరిశోధకులు ప్రయోగం చేసి కూడా చూపించారు.

మళ్ళీ దెబ్బ తగిలితే? తగులుతుంది. తగలదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలో చేసిన ప్రయోగం ఒకటుంది. తల్లి కాసేపు బిడ్డతో ఆడి, తర్వాత రెండు మూడు నిమిషాలు ఏ భావమూ లేకుండా ముఖం బిగించి చూడాలి. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేకలేస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. మీ పరిస్థితి చదువుతుంటే నాకు ఆ తిప్పేసుకున్న ముఖమే గుర్తొచ్చింది. ఆయన పరిశోధనల్లో తేలిన ఇంకో విషయం నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. మామూలుగా, ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా కుదిరి ఉండేది దాదాపు 30 శాతం సమయమే. మిగతా అంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడం. ఆ మళ్ళీ కలుసుకోవడంలోనే బిడ్డకి నమ్మకం ఏర్పడుతుంది.

దానికి మన దగ్గర ఒక పద్ధతే ఉంది, అలక. ముఖం మాడ్చుకుని గదిలోకి వెళ్ళినా, తలుపు గడియ పెట్టకపోవడం. ఎవరో వచ్చి బతిమాలతారన్న నమ్మకం ఉన్నవాళ్ళే అలగగలరు. మీరు రాసినదాంట్లో ఎవరి మీదా అలిగినట్టు ఎక్కడా లేదు. "పర్వాలేదులే అనుకుని ఊరుకున్నాను" అన్నది మాత్రం మూడుసార్లు ఉంది. ఈసారి మీ స్నేహితుడు వస్తానని రాకపోతే పర్వాలేదనకండి. "నువ్వు రాకపోతే బాధేసింది" అని చెప్పండి. అతను ఆ మాటని ఎలా అందుకుంటాడో చూస్తే మనిషి తెలుస్తాడు.

తప్పిపోయిన సంబంధం గురించి ఎక్కువ చెప్పలేను, ఆ అమ్మాయి వైపు మాట నాకు తెలియదు. ఒక్కటి గమనించాను. ఆ ఐదు నెలల్లో ఆ అమ్మాయికి మీరేం చేశారో వివరంగా రాశారు. ఆ అమ్మాయి మీకేం చేసిందో, చెయ్యబోతే మీరేమన్నారో ఒక్క వాక్యం కూడా లేదు. తప్పు మీదని అనడం లేదు. ఒకసారి గుర్తుచేసుకుని చూడండి, అంతే.

నాన్నగారి విషయం వేరు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మే 5 నుంచి ఆంధ్రలో పగటి కర్ఫ్యూ, 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. అంత్యక్రియలకి 20 మందికి మించకూడదు. కోవిడ్‌తో పోయినవాళ్ళ దగ్గరికి ఆ 20 మంది కూడా రాలేకపోయారు. మా ఊళ్ళల్లో మనిషి పోతే ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయినవాళ్ళ మంచీ చెడూ, తిన్నదీ తిననిదీ అన్నీ ఆ శోకంలో వస్తాయి. పెద్దకర్మ దాకా ఎవరో ఒకరు పలకరించడానికి వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్పాల్సిందే. విసుగ్గా అనిపించినా, పదిసార్లు చెప్పేసరికి ఆ మాట మన నోటికి అలవాటవుతుంది. మీకు ఆ పదిసార్లు దొరకలేదు. అంత్యక్రియలు చేసి వచ్చి క్వారంటైన్‌లో ఒక్కరే ఉన్నానని రాశారు. మీలో ఏదో లోపం ఉండి రాయిలా అయ్యారనుకోకండి. మీకు రావాల్సిన పలకరింపు రాలేదు, అంతే. ఆ ఏడాది ఎన్నో తెలుగిళ్ళల్లో ఇదే జరిగింది.

అది ఇప్పటికైనా అమ్మగారితో మొదలుపెట్టవచ్చు. ఆవిడని ఓదార్చడానికి కూర్చోకండి, అది మీరు ఎలాగూ చేస్తారు. ఈ ఆదివారం తలకి నూనె పెట్టమని అడగండి. ముప్పై ఆరేళ్ళకి అదేమిటని అనిపిస్తుంది, అయినా అడగండి. ఆవిడ ముందు కింద కూర్చుంటే ముఖాలు కనిపించవు, మాట తేలిగ్గా వస్తుంది. రాకపోయినా పర్వాలేదు.

ఇంకొకటి తప్పక చెప్పాలి. నేను చెబుతున్నదంతా మూసుకుపోయిన మనసు గురించి. రెండు మూడు వారాలుగా నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది జబ్బు కావచ్చు, దానికి మందు ఉంది. సైకియాట్రిస్టుని కలవండి. మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అక్కడ అడగడం కూడా తీసుకోవడమే.

వచ్చే నెల నాన్నగారి తద్దినం ఉందని, ఎప్పటిలాగే ఒక్కరే ఊరెళ్ళి అన్నీ చూసుకుని వస్తానని రాశారు. జనవరిలో అన్నం తెస్తానన్న ఆ స్నేహితుణ్ణి తోడు రమ్మని అడగండి. పనేమీ ఉండదని, ఊరికే పక్కన ఉంటే చాలని చెప్పండి. బస్సు టికెట్లు తను తీస్తానంటే తియ్యనివ్వండి. ఆ డబ్బులు వెంటనే ఫోన్‌పే చెయ్యకండి.